జెన్ జ్యావ్: కాలితో తొక్కడమా, ఒంటి బరువు వదలడమా?

ప్రశ్న సారాంశం ఇది. చైనా యుద్ధవిద్య తైజీలో, చెన్ శైలి మొదటి వరుస అయిన లావ్ జియా యీ లూ ఆరు నెలలుగా చేస్తున్నారు. అందులోని జిన్‌గాంగ్ దావ్ దుయ్ అనే కదలికలో కుడికాలు నేలకు తొక్కినప్పుడల్లా (ఈ తొక్కుడునే జెన్ జ్యావ్ అంటారు) మోకాలు నొప్పి, ఒక్కోసారి తలలో అదురు. మాస్టారు "తొక్కొద్దు, వదిలెయ్" అంటున్నారు. వదిలేస్తే చప్పుడే రావడం లేదు. వీడియోల్లో పెద్ద గురువులు తొక్కితే నేల దద్దరిల్లుతోంది. ఈ తొక్కుడుతో దెబ్బకు బలం వస్తుందా? రాకపోతే ఎందుకు పెట్టారు?

మీ మాస్టారు చెప్పిందే సరైన మాట. మోకాలి నొప్పి పూర్తిగా తగ్గేవరకు చప్పుడొచ్చే తొక్కుడు ఆపేయండి. సాధన మానక్కర్లేదు. అదే వరుస, అదే కదలిక, కాలు మాత్రం నేలను మెల్లగా తాకేలా చేసుకోండి. చప్పుడు రావడం లేదన్న బెంగ అసలు పెట్టుకోవద్దు. ఈ దశలో చప్పుడు రాకపోవడమే మంచిది.

జెన్ జ్యావ్‌లో కిందికి దిగాల్సింది ఒళ్ళు మొత్తం. దిగుతున్న ఒంటితో పాటు కాలు కూడా నేలకు చేరుతుంది. చాలామంది చేసేది దీనికి తలకిందులు. నడుమును ఎత్తులో అలాగే నిలబెట్టి, తొడ బలంతో కాలిని నేలకేసి కొడతారు. చూసేవాళ్ళకు రెండూ ఒకేలా కనిపిస్తాయి, చప్పుడు రెండోదానికే ఎక్కువ. లెక్క మాత్రం వేరు. మనిషి ఒక కాలి బరువు ఒంటి బరువులో దాదాపు 16 శాతం. 60 కిలోల మనిషికి ఆ కాలు 10 కిలోల లోపే. కాలిని కొడితే పనిచేసేది ఆ పది కిలోలే, మిగతా 50 కిలోలు పైన ఊరికే ఉండిపోతాయి. పైగా కాలిని బలంగా కిందికి నెట్టిన కండరాలే ఆ క్షణంలో మొండేన్ని పైకి నెడతాయి. అందుకే గట్టిగా తొక్కేవాళ్ళ భుజాలు సరిగ్గా ఆ సమయంలో ఎగురుతాయి. ఒళ్ళు దిగాల్సిన చోట లేస్తోందన్నమాట.

నేల మీద నిలబడ్డ మనిషి తనను తాను కిందికి లాక్కోలేడు. లాగాలంటే నేలను పట్టుకోవాలి, అరికాలికి ఆ పట్టు లేదు. ఒంటిని కిందికి లాగేది భూమ్యాకర్షణ ఒక్కటే, ఆ వేగాన్ని మించి ఎవరూ దిగలేరు. మన కండరాలు ఆ దిగుడును అడ్డుకోగలవు, లేదా అడ్డు తీయగలవు. చైనా గురువులు పూటపూటా "సోంగ్, సోంగ్", అంటే వదులు, వదులు అని హెచ్చరించేది ఈ అడ్డు తీయడం గురించే. తొడలో, పిరుదుల్లో, నడుములో మిగిలిపోయిన ప్రతి బిగువూ ఒక బ్రేకు. ఎంత బలవంతుడైనా బలం పెట్టి ఈ దిగుడు వేగాన్ని పెంచలేడు, బిగువు తీసేసి దాని హద్దు దాకా వెళ్ళగలడు, అంతే. వదిలే విద్యను తైజీలాంటి అంతర్గత శైలులు ఇంతగా పట్టుకుని వేలాడటానికి కారణం ఇదేనని నా నమ్మకం.

వదలడం అనగానే కొందరు మొత్తం కూలబడిపోతారు. అది కూడా తప్పే. వదలాల్సినవి ఒంటిని ఎత్తులో నిలబెట్టే కండరాలు: తొడ ముందు భాగం, పిరుదులు, గజ్జల మడత. గజ్జల మడతను వాళ్ళు కువా అంటారు. నడినెత్తిని పైకి ఎవరో సన్నగా లాగుతున్నట్టు మెడ, వెన్ను నిటారుగానే ఉండాలి. గజ్జల్లో మడత పడకుండా మోకాళ్ళు మాత్రమే వంగితే బరువంతా మోకాలిచిప్ప మీదికి వస్తుంది. మీ నొప్పికి ఇదే మొదటి అనుమానం. కుర్చీలో కూర్చోబోతున్నట్టు పిరుదులు రవ్వంత వెనక్కి, కిందికి జారాలి. మోకాలు కాలి వేళ్ళను దాటి ముందుకు పోకూడదు.

కూచిపూడి నేర్చినవాళ్ళు తైజీకి వచ్చినప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. అడవు అనే మూల అడుగుల సాధనలో అరమండిలో (మోకాళ్ళు పక్కలకు మడిచి సగం కూర్చున్న భంగిమలో) కూర్చుని ఎత్తు మారకుండా కాలిని వెనక్కి ఎత్తి నేలకు తడతారు. అక్కడ మొండెం కదలకపోవడమే అందం, తట్టేది కాలు. జెన్ జ్యావ్‌లో మొండెం దిగడమే పని. ఏళ్ళ తరబడి తట్టు వేసిన పాదాలకు నేలను చదునుగా తాకడం ముందే వచ్చి ఉంటుంది కాబట్టి వాళ్ళకు ఒక లాభం ఉంది. నడుమును వదలడమే వాళ్ళకు కష్టం.

మోకాలి మీద పడే భారం ఎంతో అంకెల్లో చూద్దాం. 60 కిలోల మనిషి 3 సెంటీమీటర్లు పూర్తిగా వదిలేసి దిగితే, చివర్లో వేగం సెకనుకు 0.77 మీటరు వస్తుంది. ఆ వేగాన్ని ఎంతసేపట్లో ఆపుతారన్న దాని మీద మిగతాదంతా ఆధారపడుతుంది. మోకాళ్ళు, గజ్జలు మెత్తగా మడిచి 0.2 సెకన్లలో ఆపితే నేల మీద సగటు భారం దాదాపు 83 కిలోలు, అంటే ఒంటి బరువుకు 1.4 రెట్లు. దానికి మరో 7, 8 సెంటీమీటర్ల దిగుడు కావాలి. 0.05 సెకన్లలో ఆపితే భారం 154 కిలోలు, రెండున్నర రెట్లు. ఆపడానికి 2 సెంటీమీటర్లు చాలు. మోకాలు బిర్రుగా పెట్టి 0.02 సెకన్లలో ఆగిపోతే 295 కిలోలు, దాదాపు అయిదు రెట్లు. దిగింది అదే 3 సెంటీమీటర్లు, తేడా ఆగే తీరులోనే ఉంది. ఇవన్నీ సగటు భారాలు. తాకిన మొదటి క్షణంలో ఇంకా ఎక్కువే ఉంటుంది.

మంచి జెన్ జ్యావ్ ఈ మూడింట్లో మధ్యదానికి దగ్గరగా ఉంటుంది. దిగుడు పూర్తిగా వదులుగా ఉండాలి, ఆగడం పొట్టిగా ఉండాలి, కానీ కీళ్ళకు ఎప్పుడూ కాస్త మడత మిగిలే ఉండాలి. పూర్తిగా మెత్తబడిపోతే ఆ వేగమంతా తొడల్లోనే ఇంకిపోయి తిరిగి ఏమీ రాదు. బిర్రబిగిస్తే మోకాలిలోని మెనిస్కస్ అనే మృదులాస్థి మెత్త, మడమ కింది కొవ్వు మెత్త, నడుము పూసలు ఆ భారాన్ని మోస్తాయి. వదలడం ఎంత ముఖ్యమో, సరైన క్షణంలో తిరిగి పట్టుకోవడం కూడా అంతే ముఖ్యం. ఈ రెండో సగాన్ని చాలా తరగతుల్లో అసలు నేర్పరు, చాలా గాయాలు అక్కడే పుడతాయి.

తొక్కుడుతో దెబ్బకు బలం వస్తుందా అన్నదానికి రెండు వైపులా సమాధానం ఉంది. "నేలను తొక్కితే ఆ బలం కాలిలోంచి నడుముకు, అక్కడి నుంచి పిడికిలికి వస్తుంది" అనే వివరణ పుస్తకాల్లోనూ వీడియోల్లోనూ కనిపిస్తుంది. తొక్కుడు ముందు, దెబ్బ తర్వాత అయితే ఇది నిలవదు. నేలకు ఇచ్చేసిన వేగం నేలకే పోతుంది, పిడికిలికి మిగలదు. ఎదురుగా మనిషి ఉండి, మీ చెయ్యి అతని మీద ఆని ఉన్నప్పుడు కథ వేరు. పీ చువాన్‌లాంటి పైనుంచి కిందికి దిగే దెబ్బ కానీ, చెయ్యి పట్టుకుని కిందికి గుంజడం కానీ తీసుకోండి. దిగుతున్న ఒంటి బరువు ముందు చేతిద్వారా అతని మీదికి పోతుంది, మిగిలింది మాత్రమే కాలికి చేరుతుంది. గాలిలో సాధన చేసేటప్పుడు ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి మొత్తం కాలి కిందికి వస్తుంది, అందుకే చప్పుడు. మనిషి మీద చేసినప్పుడు చప్పుడు తగ్గితే పద్ధతి సరిగ్గా ఉన్నట్టు.

రెండో వైపు, అడ్డంగా ముందుకు వెళ్ళే దెబ్బలు. ఇక్కడ తొక్కుడుకు నిజమైన పని ఉంది, అది ఘర్షణ. పాదం నేల మీద జారకుండా ఎంత అడ్డబలాన్ని తట్టుకుంటుందన్నది దాని మీద ఉన్న భారాన్ని బట్టి ఉంటుంది. ఆ క్షణానికి భారం రెండున్నర రెట్లు అయితే పట్టు కూడా రెండున్నర రెట్లవుతుంది. పరుగున వస్తున్న నడుమును ముందు పాదం గట్టిగా ఆపగలిగితే, నడుము ఆగిపోయి భుజం, మోచెయ్యి, పిడికిలి ముందుకు దూసుకుపోతాయి. చైనాలోని హెబెయ్ రాష్ట్రం చాంగ్‌జౌ ప్రాంతపు బా జీ చువాన్ అనే యుద్ధవిద్యలో తొక్కుళ్ళకు అంత ప్రాధాన్యం ఇవ్వడానికి ఇదొక బలమైన కారణం. బా జీని అంతర్గత శైలుల్లో లెక్కించని వాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ ఈ పాఠం మాత్రం దాని దగ్గరే స్పష్టంగా కనిపిస్తుంది.

ఇదే సూత్రానికి ఒక ప్రమాదకరమైన వెనక వైపు ఉంది. వదిలిన మొదటి క్షణంలో పాదం మీద భారం తగ్గుతుంది, కాబట్టి పట్టు కూడా తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే నడుము తిప్పినా, పక్కకు నెట్టినా కాలు జారుతుంది. నున్నటి టైల్స్ మీద, చెమట పడ్డ గ్రానైట్ మీద పడిపోయేవాళ్ళు ఎక్కువగా పడేది ఈ క్షణంలోనే. ముందు దిగాలి, భారం తిరిగి వచ్చాక తిరగాలి.

బలం సంగతి పక్కన పెడితే జెన్ జ్యావ్‌కు ఇంకో మూడు పనులున్నాయి. ఎదుటివాడి పాదం మీద తొక్కడం మొదటిది. జిన్‌గాంగ్ దావ్ దుయ్‌లో కుడి పిడికిలి గడ్డం కిందికి లేస్తుంది, మోకాలు గజ్జల్లోకి లేస్తుంది, ఆ తర్వాత పాదం అతని మీగాలు మీదికి దిగుతుంది. వేగంగా చేసిన కదలిక తర్వాత ఒళ్ళు చెదరకుండా కుదురుకోవడం రెండోది. మూడోది శిక్షణకు సంబంధించినది, నా దృష్టిలో అదే అన్నిటికంటే విలువైనది. ఒంట్లోని భాగాలన్నీ ఒకే క్షణంలో చేరాయో లేదో మీ చెవికి తెలియజేసే సాధనం ఇది. కాలు, పిడికిలి, నడుము, ఊపిరి ఒకేసారి ఆగితే ఒకే చప్పుడు వస్తుంది. ఏ ఒక్కటి ముందూ వెనకా అయినా రెండు చప్పుళ్ళు వస్తాయి.

ఇక సాధన. ఇందులో తొందర పనికిరాదు.

మొదట రోజూ 5 నుంచి 10 నిమిషాలు జాన్ జువాంగ్, అంటే కదలకుండా నిలబడే సాధన. పాదాలు భుజాల వెడల్పు, మోకాళ్ళు తాళం వేసినట్టు కాకుండా కొద్దిగా వదులుగా. ఊపిరి వదిలిన ప్రతిసారీ ఒక చోట బిగువు వెతకండి: దవడ, భుజాలు, పొట్ట, నడుము కింది భాగం, పిరుదులు, తొడలు. పిరుదులే అందరికంటే మొండివి. చేత్తో తాకి చూస్తే గట్టిగా ఉన్నాయో మెత్తగా ఉన్నాయో తెలుస్తుంది.

తర్వాత రెండు పాదాల మీద చిన్న దిగుడు. మడమలు లేపకుండా, గజ్జలూ మోకాళ్ళూ ఒకేసారి వదిలి 2, 3 సెంటీమీటర్లు దిగి పట్టుకోండి. ఇక్కడ చేసుకోదగ్గ పరీక్ష ఒకటి ఉంది. ముల్లు తిరిగే పాతరకం వెయింగ్ మెషిన్ మీద నిలబడి ఈ దిగుడు చేయండి, పక్కన ఇంకొకరు ముల్లును చూడాలి. డిజిటల్‌ది పనికిరాదు, అది ఆగి సగటు చూపిస్తుంది. నిజంగా వదిలితే ముల్లు ముందు కిందికి పడుతుంది, ఆ తర్వాత మీ బరువును దాటి పైకి లేస్తుంది, చివర్లో కుదురుకుంటుంది. కండరాలతో మెల్లగా దించుకుంటే ముల్లు మీ బరువు దగ్గరే కాస్త అటూ ఇటూ ఊగుతుంది. ముల్లు ముందే పైకి లేస్తే మీరు వదలడానికి బదులు నేలను నెడుతున్నారు. కొత్తవాళ్ళలో చాలామందికి మొదట్లో ఈ మూడోదే జరుగుతుంది. దిగే ముందు తెలియకుండానే కాస్త పైకి లేస్తారు. ఆ చిన్న లేపుడు పోయేదాకా ఇక్కడే ఉండండి. పూటకు 10, 15 సార్లు చాలు, నెల పట్టినా తప్పులేదు.

దీనికి తోడుగా బాదువాన్‌జిన్ అనే ఎనిమిది కదలికల వ్యాయామంలో చివరిదాన్ని వాడుకోవచ్చు. మడమలు లేపి, మెల్లగా నేలకు వదలడం, ఏడుసార్లు. రెండు సెంటీమీటర్ల ఎత్తు చాలు. పళ్ళు తేలిగ్గా ఆనించి, నాలుక అంగిలికి తాకించి, మోకాళ్ళు వదులుగా ఉంచండి. మడమ తాకిన అదురు ఎక్కడిదాకా పాకిందో గమనించండి. నడుము దగ్గర గట్టిగా తగిలితే అక్కడ బిగువు ఉంది. తలకు తగిలితే మెడ బిగిసి ఉంది, లేదా మోకాళ్ళు తిన్నగా ఉన్నాయి.

ఒంటికాలి దిగుడుకు అప్పుడు రండి. బరువంతా ఎడమకాలి మీద, కుడి పాదం నేలకు 5 సెంటీమీటర్ల పైన. ఇప్పుడు కుడికాలిని అసలు పట్టించుకోకండి. ఎడమ గజ్జను వదలండి. నడుము దిగుతుంది, దాంతో పాటు కుడి పాదం వచ్చి నేలను తాకుతుంది. పాదం మొత్తం చదునుగా, ఒకేసారి. ఇక్కడే జెన్ జ్యావ్ మర్మం ఉంది: కుడికాలు తొక్కాలంటే వదలాల్సింది ఎడమ గజ్జ. కుడి తొడ ముందు భాగం మీద చెయ్యి వేసుకుని చూడండి, దిగే సమయంలో అది మెత్తగానే ఉండాలి. గట్టిపడితే మీరు మళ్ళీ కాలితో కొడుతున్నారు.

ఇది నిలకడగా వచ్చాక పాదాన్ని పిక్క మధ్యదాకా, తర్వాత మోకాలు నడుము ఎత్తుకు వచ్చేదాకా లేపండి. ఎత్తు పెరిగినా నడుము దిగే దూరం మారకూడదు. చివరికి చేతులు కలపండి: ఎడమ అరచెయ్యి వెల్లకిలా పొత్తికడుపు ముందు జానెడు దూరంలో, కుడి పిడికిలి పైనుంచి దానిలోకి. పిడికిలినీ కొట్టకూడదు, భుజం, మోచెయ్యి వదిలేస్తే అదే పడుతుంది. రెండు పాదాల మధ్య భుజాల వెడల్పు, లేదా కొంచెం తక్కువ. దిగాక బరువు ఏ కాలి మీద ఎంత అన్నది గురువును బట్టి మారుతుంది. ఎడమకాలి మీదే ఎక్కువ ఉంచమనేవాళ్ళు చాలామంది, కొత్తవాళ్ళ మోకాలికి అదే క్షేమం.

ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లో మోషన్ ఉంటే పక్కనుంచి తీయించుకోండి. ఒక్కో ఫ్రేము దాదాపు 4 మిల్లీసెకన్లు. పాదం తాకిన ఫ్రేము, పిడికిలి తాకిన ఫ్రేము, బెల్టు దగ్గర నడుము ఆగిన ఫ్రేము గుర్తించండి. పాదానికీ పిడికిలికీ మధ్య అయిదారు ఫ్రేములు దాటితే సాధారణంగా రెండు చప్పుళ్ళు వినిపిస్తాయి. నడుము మాత్రం పాదం తాకాక ఇంకో 2 సెంటీమీటర్లు దిగి ఆగాలి. పాదం తాకకముందే నడుము ఆగిపోయి ఉంటే బరువు రాలేదు, ఒట్టి కాలే తగిలింది. ఈ ఒక్క వీడియో నెల రోజుల వాదనలను తీర్చేస్తుంది.

చప్పుడు తీరు కూడా చాలా చెబుతుంది. "టప్" అని చురుగ్గా, పైపైన వస్తే పాదం చెంపదెబ్బలా తగిలింది, వెనక బరువు లేదు. "ధమ్" అని లోతుగా, పొట్టిగా వస్తే ఒళ్ళు వచ్చింది. మడమ ముందు తగిలితే "టక్" అని గట్టి చప్పుడు వస్తుంది, అదురు నేరుగా పిక్క ఎముక, మోకాలు, నడుము మీదుగా తలకు పోతుంది. మీకు తలలో అదురు వస్తోందంటే మడమ ముందు తగలడం, మోకాలు తిన్నగా ఉండటం, ఊపిరి బిగబట్టడం, ఈ మూడింట్లో కనీసం ఒకటి జరుగుతోంది. దిగేటప్పుడు ముక్కుతో పొట్టిగా ఊపిరి వదలండి, పొట్ట, నడుము చుట్టూ ఒకేలా నిండినట్టు ఉండాలి. తుంటిని బలవంతంగా లోపలికి ముడిస్తే నడుము వంపు పోయి పూసల మధ్య డిస్కులకు దెబ్బ. పిరుదులు వెనక్కి పొడుచుకొస్తే నడుము కింది కీళ్ళకు దెబ్బ. మోకాలు లోపలికి వాలడం ఇంకా చెడ్డది. చెన్ శైలిలో మెలికలు ఎక్కువ కాబట్టి తొక్కుతూ తిప్పితే మెనిస్కస్ నలుగుతుంది. మోకాలిచిప్ప ఎప్పుడూ కాలి రెండో వేలి వైపే చూడాలి.

శైలుల మధ్య తేడా తెలియక వీడియోలు చూసి కలిపేసుకోవడం వల్ల కూడా గందరగోళం వస్తుంది. హెనాన్ రాష్ట్రం వెన్ కౌంటీలోని చెన్‌జియాగోవ్ ఊరి పద్ధతిలో, లావ్ జియా యీ లూ మొదట్లోనే, ఆరంభ భంగిమ వెంటనే, ఈ తొక్కుడు వస్తుంది. రెండో వరుస ఎర్ లూ, అంటే పావ్ చుయ్‌లో దూకుళ్ళు, తొక్కుళ్ళు ఇంకా ఎక్కువ. చెన్ శైలి కొన్ని వరుసల్లో షువాంగ్ జెన్ జ్యావ్ అని రెండు పాదాలూ గాలిలోకి లేచి దిగే తొక్కుడు ఉంది. ఏడాది దాటేదాకా దాని జోలికి పోవద్దు. చెన్ చాంగ్‌షింగ్ దగ్గర నేర్చుకున్న యాంగ్ లూచాన్ నుంచి వచ్చిన యాంగ్ శైలిలో, నేడు విరివిగా నేర్పే రూపంలో తొక్కుళ్ళు లేవు. 1956లో చైనాలో కూర్చిన 24 కదలికల వరుసలోనూ లేవు. అయినా వాళ్ళు బరువు దించడాన్ని నేర్పుతారు, ప్రతి అడుగులో మెల్లగా. జెన్ జ్యావ్ లేకుండానే ఈ విద్య నేర్చుకోవచ్చనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. బాగువా అనే మరో అంతర్గత శైలిలో బురదలో నడిచినట్టు పాదాన్ని నేలకు ఆనించి జార్చుకుంటూ వెళ్తారు, అక్కడ ఈ ప్రశ్నే రాదు.

షింగ్ యీ అనే ఇంకో అంతర్గత శైలి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడి చప్పుడు వేరే కాలిది. దాని మూల భంగిమ సాన్ తీలో బరువు వెనక కాలి మీద ఎక్కువ. బెంగ్ చువాన్ అనే ముందుకు దూసుకెళ్ళే పిడికిలి దెబ్బలో వెనక కాలు నెడితే ముందు పాదం దూసుకెళ్తుంది, పిడికిలి దాంతో పాటు చేరుతుంది, ఆ వెంటనే వెనక పాదం లాక్కొచ్చినట్టు వచ్చి ఆగుతుంది. చాలామంది వింటున్న "ధమ్" ఈ వెనక పాదానిదే. అది విడిగా చేసే తొక్కుడు కాదు, ముందుకు వెళ్తున్న బరువు వచ్చి కుదురుకున్నప్పుడు పుట్టే శబ్దం. వెనక కాలిని ఎత్తి తొక్కితే ఆ ఎత్తిన సమయమంతా మీరు ఒంటికాలి మీద ఉన్నట్టే, ఎదుటివాడు లాగితే పడిపోతారు. వెనక పాదం నేలకు వేలెడు ఎత్తు కూడా లేవకుండా రావాలి.

నేల విషయం చిన్నదిగా అనిపిస్తుంది కానీ మోకాళ్ళ ఆయుష్షు దాని మీదే ఉంది. ఈ సాధన పుట్టింది మట్టి ముంగిళ్ళలో. హెనాన్‌లోనే ఉన్న షావొలిన్ గుడి చియన్ ఫో మందిరంలో ఇటుక పరిచిన నేల మీద సన్యాసుల పాదాలు తొక్కిన గుంటలు ఇప్పటికీ చూపిస్తారు. ఆ నేల లొంగింది కాబట్టే గుంటలు పడ్డాయి. మనవైపు అపార్టుమెంటు స్లాబు మీద పరిచిన గ్రానైట్ లొంగదు, లొంగేది మీ కీళ్ళే. కింది ఇంటివాళ్ళ తలల మీద మోగించడం మర్యాద కూడా కాదు. గట్టిపడిన ఎర్రమట్టి నేల, పార్కులో గడ్డి తక్కువగా ఉన్న చదును చోటు, తాలింఖానా మట్టి దొరికితే అన్నిటికంటే మేలు. మరీ మెత్తటి ఇసుక వద్దు, పాదం వంకర పోతుంది. పలుచని, చదునైన అడుగున్న గుడ్డ బూట్లు వేసుకోండి. మందపాటి కుషన్ ఉన్న పరుగు బూట్లలో పాదం పక్కకు ఊగుతుంది, నేల ఎలా తాకిందో కాలికి తెలియదు. ఇంట్లో చేయాల్సి వస్తే నిశ్శబ్దంగానే చేయండి.

మోతాదు: మొదటి మూడు నెలలు చప్పుడు లేకుండా. తర్వాత పూటకు 5 నుంచి 10 చప్పుడు తొక్కుళ్ళు, వారానికి మూడు రోజులు, వరసగా రెండు రోజులు వద్దు. మిగతా ఆవృత్తులన్నీ మెత్తగా. అలవాటైనవాళ్ళు కూడా వరుసలో వచ్చినన్ని చేస్తే చాలు, విడిగా వంద తొక్కుళ్ళు వేయడం వల్ల వచ్చే లాభమేమీ లేదు. గర్భిణులు, ఎముకలు గుల్లబారినవాళ్ళు, డిస్కు జారినవాళ్ళు, కంటి రెటీనా సమస్య ఉన్నవాళ్ళు చప్పుడు తొక్కుడు జోలికి పోకూడదు. వాళ్ళకు ఒంటికాలి దిగుడు, అదీ నిశ్శబ్దంగా, డాక్టరును అడిగాకే.

ఇప్పుడున్న మీ మోకాలి గురించి. మెట్లు దిగేటప్పుడు చిప్ప చుట్టూ మందంగా నొప్పి ఉంటే అది ఎక్కువగా మోకాలు ముందుకు పోవడం వల్ల వచ్చేది, గజ్జల మడత సరిచేసుకుంటే తగ్గే అవకాశం ఉంది. మోకాలు వాచినా, మధ్యలో ఇరుక్కుపోయినట్టు ఆగినా, పక్కన కీలు గీత మీద వేలు పెడితే నొప్పి పుట్టినా ఎముకల డాక్టరుకు చూపించండి. పిక్క ముందు ఎముక మీద ఒక్క వేలి మేర చోట మాత్రమే గట్టిగా నొప్పి ఉండి, అది రాత్రిపూట కూడా వేధిస్తుంటే ఎముకలో సన్నటి పగులు అయ్యే అవకాశం ఉంది. తేలేవరకు నిశ్శబ్ద సాధన కూడా ఆపాలి. తల అదురు మాత్రం ఈ వారమే పోవాలి: మడమ ముందు తగలనివ్వకండి, మోకాలికి మడత ఉంచండి, ఊపిరి వదలండి. ఈ మూడూ చేశాక కూడా వస్తుంటే తొక్కుడు మొత్తంగా మానేసి మెడ చూపించుకోండి.